గోరుచుట్టుపై రోకటిపోటు: పోనీ గిట్టలకు వచ్చే లామినైటిస్ వ్యాధి

గుర్రం న్యూజెర్సీ రాష్ట్రపు అధికారిక జంతువు. 1977వ సంవత్సరం నుండి దానికి ఈ గౌరవం దక్కుతున్నది. తెలుగు కుటుంబాలు అధిక సంఖ్యలో స్థిరపడిన పార్సిప్పనీ నుండి నైరుతి దిశగా కొద్దిదూరం ప్రయాణిస్తే గ్లాడ్‌స్టోన్ వస్తుంది. అమెరికా అశ్వారోహణ జట్టుకు దశాబ్దాలపాటు నిలయమైన హామిల్టన్ ఫారం అక్కడే ఉన్నది. ఇటువంటి పరిసరాలలో పెరిగే మన పిల్లలు సంగీతం, నృత్యంతోపాటు గుర్రపుస్వారీ కూడ నేర్చుకోవాలని ముచ్చటపడడం సహజం. ఆ ముచ్చట తీర్చడానికి కొందరు తల్లిదండ్రులు ఒక పోనీని కొని అశ్వశాలలో ఉంచుతారు కూడ.

అశ్వవైద్యం మనకు కొత్త విద్య కాదు. విరాటుని కొలువులో నకులుడు దామగ్రంథి అనే పేరుతో గుర్రాలను సంరక్షించిన కథ మనకు సుపరిచితమే. అయితే మన పెద్దలు ఎక్కువగా ఎరిగినది ఎముకలు తేలిన జట్కా గుర్రాన్ని. దానికి దొరికేది చాలీచాలని గడ్డి, అదృష్టముంటే నానబెట్టిన గుప్పెడు ఉలవలు. దాని కష్టం ఆకలి. ఇక్కడి పోనీకి వచ్చే కష్టం అందుకు పూర్తిగా విరుద్ధమైనది. అది కుంటుతుంటే రాయి గుచ్చుకున్నదనో, బద్ధకిస్తున్నదనో అనుకుంటాము. కాని అనేక సందర్భాలలో ఆ కుంటుకు మూలం కాలిలో కాక మేతలో ఉంటుంది. ఈ సంగతిని వివరించడమే ఈ వ్యాసం ఉద్దేశం.

గిట్ట నిర్మాణం

గుర్రం ప్రతి కాలి మీద ఒకే ఒక వేలి కొనపై నిలబడుతుంది. మన నడిమివేలితో పోల్చదగిన ఆ వేలికి గల గోరే గిట్ట. గిట్ట లోపల వేలి చివరి ఎముక ఉంటుంది. చిత్రమేమంటే, ఆ ఎముక గిట్ట అడుగుభాగంపై ఆనుకొని నిలవదు. గిట్ట గోడకు లోపలివైపున తగిలించినట్లుగా వ్రేలాడుతూ ఉంటుంది. అలా పట్టి ఉంచేవి లామినాలనే సన్నని నిలువు పొరలు. ఒక్కొక్క గిట్టలో ఇవి సుమారు 550 నుండి 600 వరకు ఉంటాయి. ప్రతి పొరకు మరల నూరుకు పైగా సూక్ష్మమైన ఉపపొరలు ఉంటాయి. రెండు చేతుల వ్రేళ్ళను ఒకదాని సందులో ఒకటి చొప్పించి బిగించినట్లుగా, ఎముకవైపు పొరలు, గోడవైపు పొరలు పెనవేసుకొని ఉంటాయి.

శరీరపు బరువు ఈ ఎముకను క్రిందికి నెడుతుంది. కాలి వెనుకనుండి దిగే బలమైన స్నాయువు దానిని వెనుకకు లాగుతుంది. ఈ రెండు బలాలకు ఎదురు నిలిచేవి లామినాలే. ఇవి దెబ్బతినడమే లామినైటిస్. పట్టు సడలితే ఎముక కొన క్రిందికి తిరుగుతుంది, లేదా ఎముక మొత్తం క్రిందికి జారుతుంది. వ్యాధి మరీ ముదిరినపుడు అరికాలిని చీల్చుకొని బయటకు రావచ్చును కూడ.

గోరుచుట్టు లేచినపుడు మనం ఆ చేతిని దేనికీ తగలకుండా పైకెత్తి పట్టుకుంటాము. పోనీకి ఆ అవకాశం లేదు. గట్టి గిట్టలో వాపు వ్యాపించడానికి చోటు లేదు. పైగా వందల కిలోల బరువును ఆ గోటిమీదనే మోయాలి. గోరుచుట్టుపై రోకటిపోటు అన్న మన సామెతకు ఇంతకంటె సరియైన ఉదాహరణ దొరకదు.

వ్యాధికి కారణాలు

ఈ వ్యాధి మూడు మార్గాలలో వస్తుంది. మొదటిది విషప్రభావం. గుర్రం దాణా గదిలోకి చొరబడి కడుపునిండా ధాన్యం మెక్కినా, ప్రేగులకు తీవ్రమైన జబ్బు చేసినా, ఈనిన తరువాత మావి పడకపోయినా, విషపదార్థాలు రక్తంలో చేరి లామినాలను దెబ్బతీస్తాయి. రెండవది మితిమీరిన భారం. ఒక కాలు విరిగితే ఆ బరువు మోసే రెండవ కాలికి ముప్పు వస్తుంది. 2006లో కెంటకీ డెర్బీ గెలిచిన బార్బరోకు జరిగినది ఇదే. ఆ తరువాత ప్రీక్‌నెస్ పందెంలో దాని కుడి వెనుకకాలు విరిగినది. పెన్సిల్వేనియాలోని న్యూ బోల్టన్ సెంటర్‌లో శస్త్రచికిత్స జరిగినా, ఎడమ వెనుకకాలికి లామినైటిస్ వచ్చి, చివరకు 2007 జనవరి 29న దానికి బాధ నుండి విముక్తి కలిగించవలసి వచ్చినది. 1973లో ట్రిపుల్ క్రౌన్ సాధించిన సెక్రటేరియట్ కూడ 1989లో ఈ వ్యాధి వల్లనే కన్నుమూసినది.

మూడవది ఇన్సులిన్‌కు సంబంధించినది. పోనీలలో అత్యధికంగా కనిపించేది ఇదే. ఆస్ట్రేలియా శాస్త్రజ్ఞులు ఆరోగ్యంగా ఉన్న పోనీల రక్తంలో ఇన్సులిన్‌ను చాలా ఎక్కువ స్థాయిలో నిలిపి ఉంచగా, మూడు రోజులలోపే వాటికి లామినైటిస్ వచ్చినట్లు 2007లో ప్రకటించారు. షెట్లాండ్ వంటి పోనీ జాతులు చలిగాలుల మధ్య, పలుచని గడ్డి మేసి బ్రతకడానికి అలవాటుపడినవి. దొరికిన కొంచెంతోనే కొవ్వు కూడబెట్టుకొనే శరీరతత్వం వాటిది. అటువంటి జీవిని పచ్చని పచ్చికలో వదిలి, పైన తీపి దాణా పెడితే, మెడపై కొవ్వు గట్టుకడుతుంది, ఇన్సులిన్ పెరుగుతుంది. కరవుకు అలవాటుపడిన శరీరానికి కలిమి చేసే కీడు ఎట్టిదో, మధుమేహం ఎరిగిన మన కుటుంబాలకు విడమరచి చెప్పనక్కరలేదు.

గడ్డిలోని చక్కెర ఎల్లప్పుడు ఒకేలా ఉండదు. ఎండలో తయారైన చక్కెర సాయంత్రానికి పెరిగి, రాత్రి మొక్క ఎదుగుదలకు ఖర్చవుతుంది. అయితే మంచు పడేంత చలిరాత్రులలో మొక్క ఎదగదు కనుక, ఆ చక్కెర తెల్లవారినా ఆకులోనే నిలిచిపోతుంది. న్యూజెర్సీలో ఏప్రిల్, మే నెలల లేతగడ్డి, శరదృతువులో మంచు కురిసిన ఉదయాల గడ్డి ప్రమాదకరం కావడానికి కారణమిదే.

గుర్తించే విధం

లామినైటిస్ తరచుగా ముందరి కాళ్ళు రెండింటికీ వస్తుంది. పోనీ ముందరి కాళ్ళను చాచి, బరువును వెనుకకాళ్ళపై వేసుకొని నిలుస్తుంది. మలుపు తిరగడానికి వెనుకాడుతుంది. గట్టినేలపై ముళ్ళమీద నడచినట్లు అడుగులు వేస్తుంది. గిట్టలు చాలాసేపు వేడిగా ఉంటాయి. గిట్టకు పైన, కాలికి వెనుకవైపున మామూలుగా చేతికి అందీ అందనట్లుండే నాడి బలంగా కొట్టుకుంటుంది. గిట్ట గోడపై మడమవైపు వెడల్పైన వలయాలు కనబడితే వ్యాధి ఇంతకుమునుపే వచ్చి పోయినదని గ్రహించవచ్చును. ఒకే కాలు హఠాత్తుగా కుంటితే గిట్టలో చీము పట్టడమో, రాయి ఒత్తుకోవడమో కావచ్చును. ఏది ఏమైనా నిర్ణయించవలసినది పశువైద్యుడే.

తొలి గంటలలో చేయవలసినవి

అనుమానం కలిగిన వెంటనే పశువైద్యునికి ఫోను చేయాలి. ఇది రేపటికి వాయిదా వేయదగిన విషయం కాదు. పోనీని పచ్చికనుండి తప్పించి, రంపపుపొట్టు మందంగా పరచిన గదిలో ఉంచాలి. దాణా పూర్తిగా ఆపాలి. నీరు మాత్రం అందుబాటులో ఉంచాలి. నడిపిస్తే కాళ్ళు సాగుతాయని తలచి బలవంతంగా త్రిప్పరాదు. నడచిన ప్రతి అడుగూ సడలిన పొరలను ఇంకా చీలుస్తుంది. వైద్యుని సలహాపై కాళ్ళను మంచునీటిలో ఎడతెరపి లేకుండా ఉంచడం, ముఖ్యంగా విషప్రభావంతో వచ్చే వ్యాధిలో ఎంతో మేలు చేస్తుంది. ఇంట్లో మనం వాడుకొనే నొప్పిమాత్రలు వేయరాదు.

వైద్యుడు ఎక్స్‌రే తీసి ఎముక ఎంత తిరిగినదో చూస్తాడు. రక్తపరీక్షతో ఇన్సులిన్‌ను కొలుస్తాడు. వయసు మళ్ళిన పోనీలలో పిట్యూటరీ గ్రంథి వ్యాధి కూడ ఉండవచ్చును. దానికి పెర్గొలైడ్ అనే మందు ఉన్నది. గిట్టలు చెక్కి లాడాలు కొట్టే ఫారియర్ ఆ ఎక్స్‌రే చూసుకొని గిట్టను సరిదిద్దుతాడు. వైద్యుడు, ఫారియర్ కలిసి పనిచేయనిదే ఈ వ్యాధి లొంగదు. గిట్ట పైనుండి క్రిందివరకు కొత్తగా పెరగడానికి దాదాపు ఒక సంవత్సరం పడుతుంది కనుక ఓర్పు అవసరం.

మేతలో మితం

నివారణకు మూలం మేతలో ఉన్నది. బరువు తగ్గవలసిన పోనీకి సాధారణంగా శరీరపు బరువులో నూటికి ఒకటిన్నర వంతు ఎండుగడ్డి సరిపోతుంది. అనగా 200 కిలోల పోనీకి రోజుకు సుమారు 3 కిలోలు. కంటితో అంచనా వేయక త్రాసుతో తూచాలి. చన్నీటిలో గంటసేపు నానబెట్టి ఆ నీటిని పారబోస్తే చక్కెర కొంత తగ్గుతుంది. అలాగని పస్తు పెట్టరాదు. ఆకలితో మాడిన పోనీ రక్తంలో కొవ్వు పెరిగి ప్రాణాపాయం కలుగుతుంది. మేతకు వదిలినపుడు మూతికి చిక్కం తగిలించవచ్చును. పొలంలో అరకకు కట్టిన ఎద్దుకు చిక్కం వేసిన రైతుబిడ్డలకు ఇది వింతగా తోచదు. ఆరు నుండి ఎనిమిది వారాలకొకసారి గిట్టలు చెక్కించాలి. వ్యాధి సద్దుమణిగిన తరువాత, వైద్యుడు అనుమతిస్తే, క్రమమైన వ్యాయామం ఇన్సులిన్‌ను అదుపులో ఉంచుతుంది.

ఇండియానుండి వచ్చిన తాతమ్మలు, అమ్మమ్మలు పిల్లలతో అశ్వశాలకు వెళ్ళి, బెల్లపు ముక్కో, రొట్టెముక్కో, ఆపిలుపండో పోనీ నోటికందించడం మనకు చూడముచ్చటైన దృశ్యమే. అతిథికి కొసరి వడ్డించడం మన సంస్కృతి. కాని ఆ కొసరే ఈ మూగజీవికి నడక లేకుండా చేయగలదు. పెట్టే చేతిని వెనుకకు తీసుకోవడం కూడ ఒక్కొక్కప్పుడు ప్రేమే. బెల్లానికి బదులుగా మెడ నిమరడం, ఒళ్ళు తోమడం, ప్రతిరోజు గిట్టను చేతితో తాకి చూడడం మన పిల్లలకు నేర్పుదాము. వేడెక్కిన గిట్టను మొదటి రోజే పసిగట్టే పసివాని చేయి ఆ పోనీకి కొండంత అండ.