షుగర్ అంకె వెనక జన్యువు

‘మూడు నెలల షుగర్ టెస్ట్’ అని మనం పిలుచుకునే హెచ్‌బీఏ1సీ, రక్తంలోని చక్కెరను నేరుగా కొలవదు. ఎర్ర రక్తకణాల్లోని హిమోగ్లోబిన్‌కు ఎంత చక్కెర అంటుకుందో చూస్తుంది. ఎర్రకణం ఆయుష్షు దాదాపు 120 రోజులు. బతికినంత కాలమూ దానికి చక్కెర పడుతూనే ఉంటుంది. అంకె 6.5 శాతానికి చేరితే మధుమేహం అంటున్నామంటే, అందరి కణాలూ ఇంచుమించు అంతే కాలం బతుకుతాయని ముందే ఒప్పేసుకున్నామన్నమాట.

అందరివీ అలా బతకవు. ఎక్స్ క్రోమోజోమ్ మీద జీ6పీడీ అనే జన్యువు ఉంది. అది తయారుచేయించే ఎంజైమ్ ఎర్రకణాన్ని ఆక్సీకరణ దెబ్బల నుంచి కాపాడుతుంది. ఆ జన్యువులో కొన్ని మార్పులుంటే కణం తొందరగా రాలిపోతుంది. చక్కెర పట్టే వ్యవధి తగ్గిపోయి, ఒంట్లో షుగర్ ఎక్కువే ఉన్నా రిపోర్టులో తక్కువ కనిపిస్తుంది.

సుమారు 1,60,000 మంది జన్యు సమాచారాన్ని పరిశీలించిన అంతర్జాతీయ అధ్యయనం ఒకటి 2017లో వెలువడింది. ఇలాంటి ఒక మార్పు ఆఫ్రికన్ అమెరికన్లలో 11 శాతం మందిలో ఉందని అందులో తేలింది. ఆ మార్పున్న మగవాళ్లలో అంకె 0.8 దాకా తగ్గింది. 7.2 రావాల్సిన మనిషికి 6.4 వస్తుంది, ‘మీకింకా షుగర్ రాలేదు’ అని డాక్టరు ఇంటికి పంపించేస్తారు. ఈ ఒక్క పరీక్షనే నమ్ముకుంటే అమెరికాలో దాదాపు 6,50,000 మంది నల్లజాతి పెద్దల మధుమేహం బయటపడకపోవచ్చని పరిశోధకులు లెక్కగట్టారు. ఈ మార్పు యూరప్ మూలాలవారిలో దాదాపు ఉండదు. వాళ్లనే పరీక్షించి ఉంటే ఈ సంగతి ఎప్పటికీ తెలిసేది కాదు. వ్యాధి సూచికల వేటలో నాకు అన్నిటికన్నా బాధ కలిగించే లోపం ఇలా ఒకే మూలాలవారిని పరీక్షించి ఊరుకోవడమే.

జన్యువు వల్ల రిపోర్టు తప్పుదారి పట్టించడానికి, క్లోమ క్యాన్సర్‌లో చూసే సీఏ 19-9 అనే అణువు మరో ఉదాహరణ. ఎఫ్‌యూటీ3 జన్యువు రెండు ప్రతులూ పనిచేయనివారి ఒంట్లో ఆ అణువు దాదాపు తయారే కాదు. గడ్డ పెరుగుతున్నా రిపోర్టు మాత్రం నార్మల్.

మళ్లీ షుగర్ సంగతికి వస్తే, మలేరియాను తట్టుకోవడానికి తోడ్పడటం వల్లే జీ6పీడీ లోపమూ, ఎర్రకణాన్నే దెబ్బతీసే సికిల్ సెల్ జన్యువూ ఆ జబ్బు పీడించిన ప్రాంతాల్లో నిలిచిపోయాయి. మన ఏజెన్సీ ప్రాంతాల్లోని గిరిజనుల్లోనూ రెండూ ఉన్నాయి. వీటిలో ఏదున్నా హెచ్‌బీఏ1సీ ఒక్కదాన్నే నమ్మకూడదు. పరగడుపున, తిన్నాక చేసే షుగర్ పరీక్షలు కూడా చేయించాలి. ఫ్రక్టోజమైన్ పరీక్షా ఉంది. అది రక్తద్రవంలోని (సీరం) ప్రోటీన్లకు అంటిన చక్కెరను కొలుస్తుంది కనుక ఎర్రకణం ఆయుష్షుతో దానికి పనిలేదు.