‘ఎల్దమొస్తవ’: ఒక పలుకు, ఒక గాయకుడు

‘ఏం పిల్లడో ఎల్దమొస్తవ’ అన్న పాట వినని తెలుగు శ్రోతలు అరుదు. అందులోని ‘ఎల్దమొస్తవ’ను గ్రంథభాషలోనికి మార్చితే ‘వెళ్దాము, వస్తావా’ అని రెండు మాటలవుతుంది. శ్రీకాకుళ, విజయనగర ప్రాంతాల నాలుకపై ముందరి వకారం జారిపోయింది. రెండు క్రియలు ఒక్కటై ఒకే ఊపులో ఇమిడాయి. చివరి దీర్ఘం కూడ కురచ అయింది. దీనిని సంస్కరిస్తే వ్యాకరణం నిలుస్తుందేమో కాని, పాట నిలువదు.

ఆ పాట వ్రాసినవారు వంగపండు ప్రసాదరావు గారు. వారు 1943లో పార్వతీపురం సమీపాన గల పెదబొండపల్లిలో జన్మించారు. ఆ ఊరు అప్పుడు విశాఖపట్టణం జిల్లాలోనిది. 1950లో శ్రీకాకుళం జిల్లాలోనికి, 1979లో విజయనగరం జిల్లాలోనికి మారింది.

ఆ ప్రాంతపు వినికిడిని గూర్చి కొంత చెప్పవలసి యున్నది. అక్కడి గ్రామాలలో జముకుల కథ ప్రసిద్ధం. జముకు అనేది ఒక వైపు తోలు బిగించిన చిన్న వాద్యం. తోలు నడుమ నుండి వచ్చే తీగ రెండవ కొనను ఒక కర్రముక్కకు కట్టి, ఎడమచేత లాగి పట్టుకొని, కుడిచేత మీటుతారు. లాగినకొద్దీ నాదం పైకి ప్రాకుతుంది. సడలిస్తే మూలుగుతూ దిగుతుంది. అది కథకునికి వంతపాడే రెండవ గొంతుక వంటిది. శ్రీకాకుళ గిరిజన పోరాట కాలంలో సుబ్బారావు పాణిగ్రాహి ఈ కథారూపాన్నే రాజకీయ ప్రచారానికి మలచుకొన్నారు. 1969లో పోలీసు కాల్పులలో మరణించారు.

వంగపండు వారు విశాఖపట్టణంలోని హిందుస్థాన్ షిప్‌యార్డులో పనిచేశారు. పల్లెపాటలో యంత్రం ప్రవేశించడం ఈ అనుభవఫలమే అని మా ఊహ. యంత్రమెట్లా నడుస్తుందో ప్రశ్నించి, దాని వెనుకనున్న కార్మికుని చేతిని చూపే వారి పాట మిక్కిలి ప్రచారం పొందింది. 1972లో ఏర్పడిన జననాట్యమండలిలో వారు గద్దరు గారితో పాటు ముఖ్యులు. కాలికి గజ్జె కట్టి, ఆడుతూ పాడేవారు.

అమెరికాలో పల్లెవాసుల పాటకు రేడియో గొప్ప వాహనమైంది. నాష్‌విల్ నగరంలో 1925లో ఆరంభమైన ‘గ్రాండ్ ఓల్ ఆప్రీ’ ప్రసారం ఇందుకు నిదర్శనం. వంగపండు పాటకు మొదటి వాహనం మనిషి నోరే. సభలలో విన్నవారు ఊళ్లకు మోసుకుపోయారు. తరువాత 1986లో ఆర్. నారాయణమూర్తి గారి ‘అర్ధరాత్రి స్వతంత్రం’ చిత్రంతో అది నగరాలకు చేరింది.

ఈ ప్రచారంలో ఒక నష్టమున్నది. నోటినుండి నోటికి పోయిన పాట కర్త పేరును దారిలో జారవిడుచుకొంటుంది. కర్త జీవించి యుండగానే ‘ఇది జానపదం’ అనేవారు బయలుదేరుతారు. ఈ పొరపాటు మా ప్రకటనలలోనూ దొర్లకపోలేదు. పాట జానపదమంత సహజంగా ఉన్నదంటే అది కవికి మెప్పే. కాని ఆ మెప్పుతో పాటు పేరు కూడ దక్కాలి కదా! వాడుకభాష కోసం పోరాడిన గిడుగు రామమూర్తి పంతులు గారూ శ్రీకాకుళం ప్రాంతంవారే. వారు విని యుంటే ‘ఎల్దమొస్తవ’ను దిద్దవద్దనే అనేవారని మా నమ్మకం.

వంగపండు వారికి 2017లో కళారత్న పురస్కారం లభించింది. 2020 ఆగస్టు 4న పార్వతీపురంలో కన్నుమూశారు. 2022లో పార్వతీపురం మన్యం జిల్లా ఏర్పడగా, పెదబొండపల్లి నాలుగవ జిల్లాలో చేరింది.