ఎండవేళ పరుగుపందెము

పరుగెత్తువాని దేహము కొలిమివంటిది. కండరములు పనిచేయునపుడు వెలువడు శక్తిలో సుమారు నాలుగింట మూడు వంతులు వేడిమిగా మాఱిపోవును. ఆ వేడిమి బయటికి పోనిచో దేహోష్ణము సహజమైన 37 డిగ్రీలను దాటి త్వరత్వరగా పెరుగును. దానిని తగ్గించుటకు ప్రకృతి యేర్పఱచిన ముఖ్యసాధనము చెమట. చెమట చర్మముపైనుండి ఆవిరియగునపుడు వేడిమిని తనతో గొనిపోవును. ఆవిరి కాక కాఱి నేలబడు చెమటవలన దేహము చల్లబడదు.

ఈ కారణముచేతనే ఉక్కపోత పరుగువానికి ప్రబలశత్రువు. అనంతపురమువంటి పొడినేలలలో వేసవినాడు తడిబట్ట శీఘ్రముగా ఆఱిపోవును. విశాఖపట్టణమువంటి సముద్రతీరములందు అదియే బట్ట చాలసేపు తడిగా నుండును. గాలిలో అప్పటికే నీటియావిరి నిండియుండుటయే దీనికి కారణము. చెమట విషయమును అట్టిదే.

1912లో స్టాక్‌హోమ్ ఒలింపిక్ క్రీడలందు మారథాన్ పందెము మిక్కుటమైన యెండలో జరిగెను. పోర్చుగల్ దేశీయుడగు ఫ్రాన్సిస్కో లాజరో త్రోవలో కూలిపోయి, మఱునాడు మరణించెను. ఎండ తగులకుండుటకై అతడు మేనికి మైనమువంటి పదార్థము పూసికొనెననియు, అందుచే చెమట వెలువడలేదనియు చెప్పుదురు. 2019లో దోహా నగరమున జరిగిన ప్రపంచ అథ్లెటిక్స్ పోటీలలో, ఎండకు వెఱచి, స్త్రీల మారథానును అర్ధరాత్రివేళ నడిపిరి. అయినను ఉక్క తగ్గలేదు. బయలుదేరిన 68 మందిలో 28 మంది పందెమును ముగింపలేకపోయిరి. సూర్యుడు లేనంతమాత్రమున అపాయము తొలగదని దీనివలన తెలియుచున్నది.

మఱి తరణోపాయమేమి? మొదటిది అలవాటు. దేహము వేడిమికి అలవడుటకు ఇంచుమించు పది మొదలు పదునాలుగు దినములు పట్టును. ఆ దినములలో అభ్యాసమును కొలదికొలదిగా పెంపవలెను. అలవడిన దేహము ముందుగాను, హెచ్చుగాను చెమర్చును. ఆ చెమటలో ఉప్పు తక్కువగా నుండును. పందెపుదినమున వదులైన, పలుచని, లేతరంగు దుస్తులు ధరింపవలెను. చల్లని దినములందలి వేగమును ఆశింపక, నెమ్మదిగా ఆరంభింపవలెను. దాహమైనపుడు నీరు త్రాగవలెను. దీర్ఘమైన పందెములలో ఉప్పు, పంచదార కలిపిన నీరు మేలు. మితిమీఱి నీరు త్రాగినచో నెత్తుటిలోని ఉప్పు పలుచబడి ప్రాణాపాయము కలుగవచ్చును.

తల తిరుగుట, వాంతి, కాళ్లు తడబడుట, పొంతనలేని మాటలు - ఇవి ఎండదెబ్బకు సూచనలు. ఇవి కానవచ్చిన తోడనే పరుగు ఆపవలెను. తోడివారు అట్టివానిని నీడకు చేర్చి, చల్లని నీటిలో నుంచియో, మేనిపై నీరు గ్రుమ్మరించి విసరియో దేహమును చల్లబఱచుచు, 108కి ఫోనుచేసి వైద్యసహాయమును రప్పింపవలెను. తెలివిదప్పినవాని నోట నీరు పోయరాదు.

సమయమెఱిగి ఆగినవాడు మఱియొకనాడు పరుగెత్తగలడు. పందెమునకు పోవు ప్రతి విద్యార్థియు, అతని ప్రక్కన పరుగెత్తు మిత్రుడును ఈ మాటను మఱువరాదు.