ఒంటరి సాధన

ఈత, సైకిలు త్రొక్కుట, పరుగు: ఈ మూడింటిని నడుమ విరామము లేక వరుసగా ముగించు పందెమునకు ట్రయథ్లాన్ అని పేరు. 1974వ సంవత్సరమున అమెరికాలోని శాన్‌డియేగో నగరమున ఈ పేరుతో పందెము జరిగెను. 2000వ సంవత్సరమున సిడ్నీ ఒలింపిక్ క్రీడలలో దీనికి స్థానము లభించెను. ఆ క్రీడలలో ఈత 1.5 కిలోమీటర్లు, సైకిలు 40 కిలోమీటర్లు, పరుగు 10 కిలోమీటర్లు.

పందెము నాడు ప్రక్కన పలువురుందురు. దానికి ముందు గడచు నెలలలో మాత్రము సాధకుడు తఱచుగా ఒంటరివాడు. బంతియాటకు మనము రాకున్నచో జట్టువారు వెదకుదురు; ఇందు ప్రొద్దెక్కువఱకు నిద్రించినను అడుగువారు లేరు. అదియును గాక దేహబలము వారములు గడచినగాని పెరిగినట్లు తెలియదు. శ్రమ నేడు, ఫలము ఎన్నడో యైనపుడు మనస్సు జాఱుట సహజము.

నేనును నలువదవ యేట ఈ సాధనకు పూనితిని. మొదటి మాసము ఉత్సాహముతో గడచెను. రెండవ మాసమున వానలు పట్టెను. ఒకనాడు మానితిని, ఆ యొకనాడు పదునైదు దినములయ్యెను. అప్పుడు తరగతిలో ఒక బాలుడు లేచి, "మాస్టారూ, తెల్లవారుజామున మీ సైకిలు మా వీధిలోకి రావడం లేదేమండీ?" అని యడిగెను. నిత్యము క్రమశిక్షణను బోధించు నాకు ప్రత్యుత్తరము తోచలేదు.

ఉత్సాహము కలిగినపుడు లేచెదననుకొనుటయే నా పొరపాటు. ఉత్సాహము తఱచుగా పనికి ముందు రాదు, పని మొదలిడిన పిదప వచ్చును. నాటినుండి మూడు నియమములు పెట్టుకొంటిని.

మొదటిది, వేళ మాఱరాదు. రాత్రియే బూట్లు గుమ్మము కడ నుంచవలెను. మనస్సు ఒప్పని దినమున పది నిమిషములు మాత్రమే పరుగెత్తి మరలి రావచ్చును. బయలుదేరిన పిదప మరలిన దినములు మిక్కిలి తక్కువ.

రెండవది, ఒక పుస్తకమున తేదీ, దూరము, పట్టిన కాలము వ్రాయవలెను. నాలుగు వారముల కొకసారి అదే బాటపై అదే దూరము పరుగెత్తి, వెనుకటి తనతో తన్ను పోల్చుకొనవలెను.

మూడవది, విశ్రాంతి దినమును గూడ అందు వ్రాయవలెను. శ్రమ పిదప విశ్రాంతిలోనే దేహము బలపడును. ఇది యెఱుగనివాడు అలసటను సోమరితనమని భ్రమించి తన్ను తాను నిందించుకొనును.

ఒక హెచ్చరిక. పరుగు ఒంటరిగా సాగవచ్చును గాని ఈత సాగరాదు. చెఱువైనను కాలువయైనను గట్టుపై ఈత నేర్చిన పెద్దవారు ఒకరుండి తీరవలెను.

వయస్సు మీఱినదని వెనుదీయువారు మడోనా బ్యూడర్ అను అమెరికా కన్యాస్త్రీని తలచుకొనవలెను. ఆమె 52వ యేట తొలి ట్రయథ్లాన్‌లో పాల్గొనెను. 2012లో, తన 82వ యేట, కెనడాలో జరిగిన దీర్ఘ పందెమును 17 గంటల గడువులోపల ముగించెను. అందు ఈత 3.8, సైకిలు 180, పరుగు 42.2 కిలోమీటర్లు.

విద్యార్థులారా, పరీక్షకు చదువుటయు ఒంటరి సాధనయే. నన్నడిగిన బాలుడు చదువు ముగించి వేఱొక ఊరికి వెడలిపోయెను. ఇప్పుడు ఆ వీధిలో నా సైకిలును గూర్చి అడుగువారు లేరు. రాత్రి తెఱచిన పుస్తకములోని ఖాళీ గీత మాత్రము అడుగుచున్నది.