ఎదిగిన పిల్లలతో పడవ ప్రయాణము: ఏ పడవ ఎక్కాలి?



పిల్లలు చిన్నవారుగా ఉన్నప్పుడు విహారయాత్రకు పెద్ద ఆలోచన అక్కరలేదు. తండ్రి టికెట్లు తెస్తాడు, తల్లి పులిహోర కడుతుంది, పిల్లలు కిటికీ పక్క సీటు కోసం కొట్లాడుకుంటారు. అదే పిల్లలు ఇరవై ఏళ్లు దాటిన తరువాత సంగతి వేరు. అమ్మాయి హైదరాబాదులో నర్సు ఉద్యోగములో ఉంటుంది. అబ్బాయికి పరీక్షలు, ఇంటర్వ్యూలు. నలుగురికీ ఒకేసారి సెలవు దొరకడమే కష్టము. రేపో మాపో అమ్మాయికి పెండ్లి కుదిరితే, ఆ నలుగురే కలిసి వెళ్లే ప్రయాణము మరల రాకపోవచ్చును. అందుకే జనగామ, మహబూబాబాద్, భూపాలపల్లి ప్రాంతాలలోని మన కుటుంబాలు కొన్ని ఈ మధ్య మమ్ములను అడుగుతున్న ప్రశ్నను ఈ నెల తీసుకుంటున్నాము. "పిల్లలు పడవ ప్రయాణం అంటున్నరు అయ్యగారూ, ఏ పడవ ఎక్కాలె?"

యౌవనస్థుల నోట మొదట వచ్చే మాట 'క్రూయిజు'. ఫోనులో చూచిన తెల్లని పెద్ద ఓడ వారి మనస్సులో ఉంటుంది. అది అందని కల ఏమీ కాదు. 2022 జూన్‌లో కార్డీలియా సంస్థవారి ఎంప్రెస్ అనే ఓడ విశాఖపట్నము రేవుకు వచ్చి, ప్రయాణికులను పుదుచ్చేరి, చెన్నై వైపు తీసుకొని వెళ్లినది. 2023 సెప్టెంబరులో అక్కడ ఇటువంటి ఓడల కొరకే ఒక టెర్మినల్ కూడా ప్రారంభమైనది. 2025లో అదే ఓడ మరల వచ్చి కొన్ని వారాలు తిరిగినది. 1990లో వేరే పేరుతో విదేశములో సేవలోనికి వచ్చిన ఓడ అది. పదకొండు అంతస్తులు, ఎనిమిది వందల దాకా గదులు. మన పల్లెలలో కొన్నింటి జనమంతా ఎక్కినా ఇంకా చోటు మిగులుతుంది.

దీనిని ఎంచుకునేవారు మూడు సంగతులు చూచుకోవాలి. ప్రకటనలో కనబడే తక్కువ ధర సాధారణముగా కిటికీ లేని లోపలి గదిది. సముద్రము కనబడే గదికి ఎక్కువ, బాల్కనీ గదికి ఇంకా ఎక్కువ. పైగా రేవు చార్జీలు, పన్ను కలుస్తాయి. నలుగురికి అన్నీ కలిపి చివరి మొత్తము ఎంతో కాగితము మీద వేయించుకున్న తరువాతనే మాట్లాడుకోవాలి. భూపాలపల్లిలో సింగరేణి ఉద్యోగుల కుటుంబాలకు ఎల్‌టీసీ సొమ్ము ఉంటుంది కనుక కొంత వెసులుబాటు. పత్తి అమ్మిన డబ్బుతో వెళ్లే కుటుంబానికి ఆ లెక్క వేరు. రెండవది, ఆ ఓడ ఏడాది పొడవునా విశాఖలో ఉండదు. మన సెలవులను బట్టి అది రాదు, దాని తేదీలను బట్టి మనము వెళ్లాలి. మూడవది, ఓడలో మద్యము అమ్ముతారు, జూదము ఆడే గది కూడా ఉన్నది. ఎదిగిన పిల్లలను చేయి పట్టుకొని అటు పోకుండా ఆపలేము. టికెట్టు కొనకముందే ఇంట్లో ఆ సంగతి తేటగా మాట్లాడుకోవడము మేలు. ఓడ ఎక్కిన తరువాత గదిలో ఉపదేశము చేస్తే అది యాత్ర కాదు, శిక్ష. అమెరికాలో స్థిరపడిన పిల్లలు తలిదండ్రులను పిలిపించుకొని అలాస్కా ఓడ ఎక్కిస్తున్నారు. మన కుటుంబాలలో చాలామందికి అది ఇంకా దూరపు మాట.

దగ్గరది గోదావరి. మహబూబాబాద్ వారు ఇల్లెందు, కొత్తగూడెం మీదుగా, భూపాలపల్లి వారు ఏటూరునాగారం, మంగపేట, మణుగూరు మీదుగా భద్రాచలము చేరవచ్చును. అక్కడి నుండి కూనవరము వైపు రోడ్డు ప్రయాణము చేస్తే పోచవరము రేవు. అది 2014 నుండి ఆంధ్రప్రదేశ్‌లో ఉన్నది. ఆ రేవులో లాంచీ ఎక్కితే పాపికొండల మధ్య సాయంత్రము వరకు తిరిగి రావచ్చును. రాజమండ్రి వైపు నుండి కూడా లాంచీలు ఉన్నాయి. రెండు ప్రక్కలా కొండలు దగ్గరపడి, నది ఇరుకై, లోతై, శబ్దము లేకుండా సాగే ఆ చోటును చూచినవారు మరువరు. ఒడ్డున ఖాళీ అయిన ఊళ్లు కూడా కనబడతాయి. పోలవరము ప్రాజెక్టు నీటికి ఇళ్లు విడిచిపోయిన కోయలు, కొండరెడ్లు బ్రతికిన ఊళ్లవి. వెళ్లే పిల్లలకు ఆ సంగతి కూడా చెప్పండి.

గోదావరి అనగానే మన ప్రాంతములో ఒక ఊరి పేరు జ్ఞాపకము వస్తుంది. కాజీపేట దగ్గరి కడిపికొండ. 2019 సెప్టెంబరు 15 ఆదివారము నాడు ఆ ఊరివారు పద్నాలుగు మంది కలిసి పాపికొండలు చూడబోయారు. రాజమండ్రి వైపు నుండి బయలుదేరిన రాయల్ వశిష్ఠ అనే లాంచీ దేవీపట్నము దాటి కచ్చులూరు దగ్గరకు వచ్చేసరికి నది వరదలో ఉన్నది. అక్కడ నది మలుపు, సుడులు. లాంచీ ఒరిగి మునిగినది. కచ్చులూరు గిరిజనులు తమ చిన్న పడవలు వేసుకొని వచ్చి ఇరవై ఆరు మందిని ఒడ్డుకు చేర్చారు. యాభై మంది దాకా చనిపోయారు. కడిపికొండ వారిలో ఐదుగురే తిరిగి వచ్చారు. రెండు వందల అడుగులకు పైగా లోతున ఉన్న ఆ లాంచీని కాకినాడకు చెందిన ధర్మాడి సత్యం బృందము అక్టోబరు 22న గాని పైకి తీయలేకపోయినది. తరువాత లాంచీలన్నీ నిలిపివేశారు. రేవుల దగ్గర కంట్రోల్ రూములు పెట్టి, తనిఖీలు చేసి 2021లో మరల వదిలారు.

భయపెట్టడానికి మేము ఇది వ్రాయడము లేదు. పాపికొండలు వెళ్లవద్దని మా అభిప్రాయము కాదు. అయితే ఆ దినమున బ్రతికినవారు చెప్పిన ఒక మాట పత్రికలలో వచ్చినది, దానిని మేము మరువలేదు. లైఫ్ జాకెట్లు పడవలో ఉన్నాయి. భోజనము వేళ, ఉక్కగా ఉన్నదని చాలామంది విప్పి ప్రక్కన పెట్టారు.

అపొస్తలుల కార్యములు 27వ అధ్యాయములోని ఓడను మన పాఠకులు ఎరుగుదురు. ఆ ఓడలో 276 మంది ఉన్నారు. ప్రయాణకాలము దాటిపోయినది, ఇప్పుడు కదిలితే నష్టమని పౌలు చెప్పాడు. ఆయన నావికుడు కాడు, సంకెళ్లలో ఉన్న ప్రయాణికుడు. శతాధిపతి ఆయన మాట కంటే ఓడ నడిపేవాని మాట, ఓడ యజమాని మాట ఎక్కువగా నమ్మాడు. యజమానికి సరుకు చేరాలి, నడిపేవానికి మంచి రేవు కావాలి. ప్రాణము గురించి మాట్లాడినవాడు ఒక్కడు, ఆయనకేమో అధికారము లేదు. చివరకు ప్రాణాలు దక్కాయి గాని ఓడ దక్కలేదు.

మన ఇండ్లలో ఆ పౌలు స్థానములో తరచుగా ఉండేది ఎదిగిన కొడుకో కూతురో. డబ్బు తండ్రిది, నిర్ణయము తండ్రిది. జనగామ దగ్గరి ఒక పల్లెలో మేము ఎరిగిన రైతు కుటుంబము ఒకటి ఉన్నది. దసరా సెలవులకు పాపికొండలు పోదామని తండ్రి నిర్ణయించాడు. నర్సు ఉద్యోగము చేసే కూతురు ఫోనులో, "బాపూ, దసరకు గోదావరి ఇంక నిండనే ఉంటది. ఇప్పుడొద్దు" అన్నది. తండ్రికి కోపము వచ్చినది. నేను డబ్బులు పెడుతుంటే నాకే చెప్తదా అని రెండు దినములు మాట్లాడలేదు. తల్లి మాత్రము, "అది రోజూ దవాఖానల మనుషులను చూస్తది. ఇనరాదు" అన్నది. ఆయన విన్నాడు. యాత్ర మానలేదు, నెల మార్చారు. ఎదురు చెప్పిన బిడ్డ మాట అవమానము కాదని ఒప్పుకోవడానికి ఆ తండ్రికి ఎంత కష్టమైనదో మాకు తెలుసు. అందుకే ఆయనంటే మాకు గౌరవము.

యౌవనస్థులారా, మీతోనూ ఒక మాట. వాతావరణము చూడడము, పడవకు పర్మిషను ఉన్నదో లేదో వెతకడము మీకు వచ్చినంతగా మీ తలిదండ్రులకు రాదు. కాని సెల్ఫీ కొరకు జాకెట్టు విప్పేదీ, పై అంతస్తులో అందరూ ఒకే వైపుకు చేరేదీ మీరే. మా సంఘ యౌవనస్థులను లక్నవరము తీసుకొని వెళ్లినప్పుడు ఇద్దరు ఫోటో కొరకు పట్టీలు విప్పారు. పడవ నడిపే అబ్బాయి వారి వయస్సువాడే. ఒక్క మాట అనలేదు. ఇంజను ఆపి, చేతులు కట్టుకొని కూర్చున్నాడు. పట్టీలు కట్టుకున్న తరువాతనే పడవ కదిలినది.

ఎప్పుడు వెళ్లాలి అనేది మన వ్యవసాయ కుటుంబాలకు అన్నిటికంటె చిక్కు ప్రశ్న. జూలై నుండి సెప్టెంబరు వరకు గోదావరి మాటే తలపెట్టవద్దు. భద్రాచలము దగ్గర నీరు 43 అడుగులకు వస్తే మొదటి హెచ్చరిక, 48కి రెండవది, 53కి మూడవది. 2022 జూలైలో 71 అడుగులు దాటినది. నవంబరు నుండి ఫిబ్రవరి వరకు నది కుదురుగా ఉంటుంది. కాని అదే పత్తి ఏరే కాలము. డిసెంబరులో క్రిస్మస్ పనులు, జనవరిలో యాసంగి నాట్లు. మహబూబాబాద్ వైపు మిరప రైతులకు ఫిబ్రవరి కూడా తీరిక ఉండదు, కోతలు మొదలవుతాయి. వారికి నవంబరు మొదటి వారాలు తప్ప మేము వేరే దారి చెప్పలేము. వరి కుటుంబాలకు నాట్లు అయిన తరువాత ఫిబ్రవరి మొదటి వారము మంచిది. ఆదివారము వెళ్లవద్దనడానికి ఆరాధన ఒక్కటే కారణము కాదు, ఆదివారాలలో రేవులన్నీ కిక్కిరిసి ఉంటాయి. శనివారము గాని సోమవారము గాని పెట్టుకుంటే పిల్లలకు ఒక్కదినము సెలవుతో సరిపోతుంది.

కృష్ణా నది మీద కూడా మంచి ప్రయాణము ఉన్నది. జనగామ వారికి నల్లగొండ మీదుగా నాగార్జునసాగర్ అందుబాటులోనే ఉన్నది. అక్కడి నందికొండ నుండి శ్రీశైలము క్రింద లింగాలగట్టు వరకు తెలంగాణ పర్యాటకశాఖ లాంచీ నల్లమల అడవి మధ్యగా సుమారు 110 కిలోమీటర్లు, ఐదారు గంటల ప్రయాణము. అయితే సాగర్‌లో నీరు నిండుగా ఉంటేనే అది నడుస్తుంది. జలాశయము పూర్తి మట్టము 590 అడుగులు. నీరు బాగా తగ్గిన సంవత్సరము ఆ లాంచీ ఉండదు. వెళ్లేముందు విచారించండి. అంత దూరము కూర్చోలేని పెద్దవారు ఉంటే నాగార్జునకొండ దీవికి వెళ్లే లాంచీ చాలును, ముప్పావు గంటలో చేరుతుంది. మ్యూజియముకు శుక్రవారము సెలవు.

మాకు నచ్చిన పద్ధతి చెప్తాము. పెద్ద ఖర్చు పెట్టకముందు ఒక శనివారము ఇంటిల్లిపాదీ లక్నవరము గాని రామప్ప చెరువు గాని వెళ్లి గంటసేపు పడవ ఎక్కండి. భూపాలపల్లి వారికి ఉదయము వెళ్లి సాయంత్రము తిరిగి రాగల దూరము. నీళ్లంటే తల్లికి భయమా, నాయనమ్మకు తల తిరుగుతుందా, అన్నదమ్ములు ఒకరి మాట ఒకరు వింటారా అన్నది ఆ గంటలో తెలిసిపోతుంది.

పెద్ద లాంచీ ఎక్కే దినమున రేవులో అడగవలసినవి సిగ్గుపడకుండా అడగండి. 1917 నాటి చట్టము స్థానములో 2021లో పార్లమెంటు దేశీయ నౌకలకు క్రొత్త చట్టము చేసినది. దాని ప్రకారము పడవకు రిజిస్ట్రేషను, తనిఖీ పత్రము ఉండాలి, నడిపే సరంగుకు అర్హత పత్రము ఉండాలి. ఎంతమందికి అనుమతి ఉన్నదో పడవ మీద వ్రాసి ఉంటుంది. లెక్కించే పని పిల్లలకు అప్పగించండి, వారు చేస్తారు. ఎక్కేవారి పేర్లు, ఫోను నంబర్లు వ్రాసుకోని పడవ ఎక్కవద్దు. జాకెట్టు ఇచ్చినప్పుడు పట్టీలు తెగలేదా, ఒంటికి సరిపోయినదా చూడండి. లావుగా ఉన్న తల్లులు పట్టీ అందక ఊరికే భుజాన వేసుకుంటారు, పెద్ద సైజు అడిగితే ఇస్తారు. చీర కొంగు జాకెట్టు లోపలికి పోవాలి. పాటల హోరులో సరంగు చెప్పేది వినబడదు కనుక, మలుపులు వచ్చే చోట కొంచెము తగ్గించమని చెప్పండి. భోజనము వేళ జాకెట్టుతోనే కూర్చోండి. మజ్జిగ మీద పడితే పడనివ్వండి.

ఫిబ్రవరికి మార్చుకున్న ఆ జనగామ కుటుంబము పోచవరము రేవు నుండే వెళ్దామని నిర్ణయించుకున్నది. ఈ లెక్కలన్నీ కూతురు చూస్తున్నది. తండ్రి డబ్బులు పంపి, "అన్నీ అడిగినవా బిడ్డా" అని రోజూ ఫోను చేస్తున్నాడట.