కుట్లు మానేదాకా రెండు స్పీకర్ల మధ్య

"ఎలాగూ ఇంట్లోనే ఉన్నారు కదండీ, ఆపరేషన్ తర్వాత సంగీతం మీద కవర్ స్టోరీ ఇచ్చేయండి. బుధవారం సాయంత్రానికి పేజీలు వెళ్లిపోవాలి" అన్నారు ఎడిటర్ గారు ఫోన్లో. అప్పటికి నా కడుపు మీద నాలుగు చిన్న గాట్లు, వాటి మీద నాలుగు పట్టీలు. గాల్‌బ్లాడర్‌ను రాళ్లతో సహా తీసేసి హబ్సిగూడలోని మా ఇంటికి పంపించారు. లాప్రోస్కోపీకి కడుపులోకి ఎక్కించిన గ్యాసు వల్ల కడుపు కన్నా భుజం ఎక్కువ నొప్పెడుతుందని డాక్టర్ చెబితే నమ్మలేదు గానీ, ఇంటికొచ్చాక నమ్మక తప్పలేదు.

ఈ విషయం మీద తెలుగులో దొరికే రాతల్లో చాలావరకు ఫలానా రాగం వింటే బీపీ దిగుతుంది, ఫలానా రాగం వింటే షుగర్ తగ్గుతుంది అనే బాపతు. వాటి మీద నాకు నమ్మకం లేదు. మా హాల్లో ఉన్న పాత స్టీరియో మీద మాత్రం బోలెడంత మమకారం ఉంది. ఈ కథనంలో ఆ రెండూ కనిపిస్తాయి.

లాన్సెట్ ఏమంది?

చదివినవాటిలో నన్ను పట్టుకుని వదలనిది ఒక్కటే. 2015 ఆగస్టులో లాన్సెట్ వైద్య పత్రికలో వచ్చిన సమీక్ష. రాసినవాళ్లు జెన్నీ హోల్, మార్టిన్ హిర్ష్, ఎలిజబెత్ బాల్, కేథరిన్ మీడ్స్. అప్పటిదాకా జరిగిన ప్రయోగాల్లోంచి 73 ఏరుకున్నారు. అన్నీ లాటరీ వేసినట్టు రోగుల్ని జట్లుగా విడదీసి చేసినవే. రోగులంతా కలిపి దాదాపు 7 వేల మంది. ఒక జట్టుకు సంగీతం వినిపించారు. రెండో జట్టుకు మామూలు వైద్యమో, ఊరికే పడుకోబెట్టడమో, పాట రాని హెడ్‌ఫోన్లు తగిలించడమో చేశారు.

పాట విన్నవాళ్లకు నొప్పి తక్కువ, కంగారు తక్కువ, నొప్పి మందుల వాడకం తక్కువ, సంతృప్తి ఎక్కువ. ఆపరేషన్‌కు ముందు విన్నా, జరుగుతుండగా విన్నా, అయ్యాక విన్నా ఎంతోకొంత మేలే. ఒక్క విషయంలో మాత్రం తేడా రాలేదు. ఆస్పత్రిలో ఉండాల్సిన రోజులు తగ్గలేదు. ఆ ముక్కే నాకు ఈ సమీక్ష మీద గురి కుదిర్చింది. అమ్ముకోవాలనుకునేవాడు అలాంటి మాట రాయడు.

అనుమానించడానికీ చోటుంది. మందు సంగతైతే అసలు బిళ్ల బదులు ఉత్త చక్కెర బిళ్ల ఇచ్చి రోగిని ఏమార్చవచ్చు. పాట విన్నవాడికి విన్నానని తెలిసిపోతుంది కదా! నొప్పి ఎంతుందో చెప్పాల్సింది కూడా అతనే. అందుకే ఆ పేజీల్లో నేను రెండోసారి వెనక్కి వెళ్లి చదివింది మత్తులో ఉన్నవాళ్ల గురించి. పూర్తి మత్తులో ఉండగా వినిపించినా ఫలితం కనబడిందట. వాళ్లు మొహమాటానికి చెప్పారనలేం. ఎంత మేలు అంటే మాత్రం లెక్కలన్నీ ఒక్కటి కావు. అంతకు ముందు 2006లో కోక్రేన్ సంస్థ 51 అధ్యయనాలను కలిపి చూస్తే, సున్నా నుంచి పది దాకా ఉండే నొప్పి కొలతలో సంగీతం తగ్గించింది సుమారు అర పాయింటు. కాబట్టి నొప్పి మాత్రలు మానేసి పాటలు పెట్టుకోమని ఎవరైనా చెబితే వినకండి.

ఏ సంగీతం అన్నదానికి లాన్సెట్ సమీక్షలో పెద్ద ప్రాధాన్యం లేదు. రకం మారితే ఫలితం చెప్పుకోదగినంత మారలేదు. రాగాల పట్టికలు పట్టుకు తిరిగేవాళ్లు ఆ పేరా చదవాలి. ఇంతకీ ఆ సమీక్ష రాసిన మీడ్స్ గారికే అది వచ్చిన ఏడాది ఏప్రిల్లో తుంటి ఆపరేషన్ అయింది. తర్వాత ఆవిడ విన్నది పింక్ ఫ్లాయిడ్ వాళ్ల 'డార్క్ సైడ్ ఆఫ్ ది మూన్'. 1973 నాటి ఆ రికార్డు స్టీరియో ఉన్నవాళ్లందరూ సిస్టమ్ పరీక్షకు పెట్టుకునేది. అందులో గడియారాలు మోగడం మొదలైతే ఏ చెవికి ఏది వినిపిస్తోందో వెతుక్కోవడంతోనే సరిపోతుంది, భుజం నొప్పికి తీరిక ఉండదు.

కదలకూడని మనిషి, కదలకూడని కుర్చీ

స్టీరియో వినడానికి ఒక చోటుంటుంది. రెండు సౌండ్‌బాక్సులు, వినే మనిషి, మూడూ సమాన దూరంలో ఉండాలి. ట్వీటర్ చెవి ఎత్తులో ఉండాలి. మామూలు రోజుల్లో మన ఇళ్లలో ఇది కుదిరే పని కాదు. ఒక బాక్సు బీరువా మీద, రెండోది సోఫా వెనక, ఆంప్లిఫయర్ మీద పూలకుండీ. ఆ కుర్చీలో ముప్పావుగంట కదలకుండా కూర్చుంటే "పనేమీ లేదా?" అని అడుగుతారు. ఆపరేషన్ అయినవాణ్ని ఎవరూ అడగరు. డిశ్చార్జి కాగితంలో బరువులు ఎత్తొద్దని రాశారు కాబట్టి మా బావమరిదే "నువ్వు వంగకు బావా" అంటూ బాక్సులు రెండూ దించి స్టూళ్ల మీద పెట్టాడు. ఇన్నేళ్లుగా అడిగినా జరగని పని అది.

ఆస్పత్రికి వెళ్లే ముందే ఊఫర్ చుట్టూ ఉండే ఫోమ్ రింగు పొడిపొడిగా రాలిపోతే కోఠీ గుజరాతీ గల్లీకి పంపించాను. "సార్, కాయిల్ మంచిగనే ఉంది, ఫోమ్ ఒక్కటే ఖరాబైంది. కొత్తది అంటిస్తే ఇంకో పదేండ్లు గుంజుతది" అన్నాడు మెకానిక్. వాల్యూమ్ తిప్పితే వచ్చే గరగర కూడా లోపలి దుమ్మేనట, స్ప్రే కొట్టి పోగొట్టాడు.

బాక్సులు సరిగ్గా కుదిరాయో లేదో చూడటానికి నేను పెట్టింది పింక్ ఫ్లాయిడ్ కాదు, 1957 నాటి 'మాయాబజార్'. ఆ పాటలు మోనో. రెండు బాక్సుల్లోంచీ ఒకే శబ్దం వస్తుంది. అన్నీ సరిగ్గా ఉంటే 'లాహిరి లాహిరి'లో ఘంటసాల, లీల గొంతులు అసలు స్పీకరే లేని చోట, సరిగ్గా మధ్యలో నిలబడతాయి. ఏదో ఒక బాక్సుకు ఎర్ర తీగ, నల్ల తీగ తారుమారైతే బాస్ పల్చబడుతుంది, గొంతు ఎటునుంచి వస్తోందో తెలియకుండా గదంతా చెదిరిపోతుంది. మాకు మొదట అలాగే చెదిరింది. బావమరిది మళ్లీ వంగాడు.

హెడ్‌ఫోన్లు పెట్టుకోవచ్చు కదా అంటారు. అవి పెట్టుకున్న రోగి ఇంట్లో ఉండీ లేనట్టే. కాలింగ్ బెల్ వినబడదు, వంటింట్లోంచి పిలిచినా వినబడదు. స్టీరియో అయితే పరామర్శకు వచ్చినవాళ్లూ వినాల్సిందే. కుట్లు చీము పట్టకుండా పప్పు మానేయాలని చెప్పబోయిన ఒక పెద్దాయన పల్లవి పూర్తయ్యేదాకా ఆగి, చరణంలో ఆ మాటే మర్చిపోయాడు. (డాక్టరేమో పప్పు, గుడ్డు బాగా తినమన్నారు.) ఒక్క రికార్డు మాత్రం ఇంట్లో పెట్టనివ్వలేదు. ఘంటసాల భగవద్గీత అందుకోగానే "అది వద్దురా, పక్కన పెట్టు" అని పెద్దమ్మ చేత్తో వారించింది. చావింట ఆ గొంతు వినీ వినీ మనకు అలా అలవాటైపోయింది మరి. హాస్య నాటికలు నేనే మానుకున్నాను. నవ్వితే కుట్లు లాగుతాయి, దిండు కడుపుకు అదుముకుని నవ్వాలి.

ఎల్పీ రికార్డుకు ఇంకో సుగుణం ఉంది. ఒక వైపు ఇరవై నిమిషాలు దాటి కాసేపటికి అయిపోతుంది, లేచి తిప్పాలి. కాళ్లలో రక్తం గడ్డకట్టకుండా అప్పుడప్పుడు లేచి నడవమని సర్జన్లు చెప్పేది సరిగ్గా అదే. ఫోన్‌లో పాటల వరస పెట్టుకుంటే పూటంతా లేవక్కర్లేదు. అందుకే ఈ ఒక్క విషయంలో ఫోన్ కన్నా పాత యంత్రానికే నా ఓటు.

కిటికీలో చెట్టు లేని లోటు

1984లో రోజర్ అల్రిచ్ సైన్స్ పత్రికలో నావంటి గాల్‌బ్లాడర్ రోగుల గురించే రాశాడు. పెన్సిల్వేనియాలోని ఒక ఆస్పత్రిలో 23 జతల రోగుల్ని పోల్చాడు. కిటికీలోంచి చెట్లు కనబడినవాళ్లు, ఇటుక గోడ కనబడినవాళ్ల కన్నా కాస్త ముందే ఇంటికి వెళ్లారు, గట్టి నొప్పి మందులూ తక్కువే వాడారు. నా కిటికీలోంచి కనబడేది పక్క అపార్ట్‌మెంట్ గోడ. వినబడేది వరంగల్ రోడ్డు మీది హారన్లు, పైన మెట్రో. నివాస ప్రాంతాల్లో పగలు 55, రాత్రి 45 డెసిబెల్స్ దాటకూడదని 2000 నాటి శబ్ద కాలుష్య నిబంధనలు చెబుతున్నాయి. మా చౌరస్తాకు ఆ సంగతి ఎవరూ చెప్పినట్టు లేదు. భూగర్భంలో కదలికల్ని కనిపెట్టే, 1961లో పుట్టిన ఎన్‌జీఆర్‌ఐ మా పక్కనే ఉంది, వాళ్లు ఈ రొద మధ్య ఏం వింటారో! ఆరింటికి మొదటి మెట్రో కదిలే లోపు, వాల్యూమ్ తక్కువలో పెట్టుకుని విన్నదే నిజంగా విన్నట్టు.

చరిత్ర క్లుప్తంగా. 1859లో ఫ్లోరెన్స్ నైటింగేల్ రోగికి గొంతూ, ఆగకుండా పలికే తంత్రీవాద్యాలూ మంచివి, పియానో కాదు అని రాసింది. ఆవిడ లెక్కన ద్వారం వెంకటస్వామి నాయుడి వయొలిన్ పాసు, ఈమని శంకరశాస్త్రి వీణ సంగతి అనుమానమే. 1889లో నిజాం డబ్బుతో ఇదే లాన్సెట్ పత్రిక లాడర్ బ్రంటన్‌ను హైదరాబాద్‌కు పంపింది, మత్తుమందు మీద ఎడ్వర్డ్ లారీ నడిపిన క్లోరోఫాం కమిషన్‌లో పాల్గొనడానికి. మత్తు వైద్యంలో తొలి మహిళల్లో ఒకరైన రూపాబాయి ఫర్దూన్‌జీ ఆ హైదరాబాద్ మనిషే. 1914లో ఎవాన్ కేన్ అనే అమెరికా సర్జన్ ఆపరేషన్ గదిలో ఫోనోగ్రాఫ్ పెట్టించానని వైద్య పత్రికకు ఉత్తరం రాశాడు. 1931లో అలన్ బ్లమ్‌లైన్ స్టీరియోకు పేటెంట్ అడిగాడు. 1958కల్లా స్టీరియో ఎల్పీలు బజారుకొచ్చాయి.

బాక్స్: మెలకువలో ఆపరేషన్, తెర మీద సినిమా

లాన్సెట్ సమీక్ష మెదడు, తల, మెడ ఆపరేషన్లను లెక్కలోకి తీసుకోలేదు. మన దగ్గర వార్తలకెక్కినవి మాత్రం అవే. 2017లో గుంటూరులో ఒక నర్సు 'బాహుబలి' చూస్తుండగా మెదడులో కణితి తీశారు. 2022 ఆగస్టులో సికింద్రాబాద్ గాంధీ ఆస్పత్రి వైద్యులు ఒక పెద్దావిడకు చిరంజీవి 'అడవి దొంగ' చూపిస్తూ అదే పని చేశారు. అక్కడ సినిమా నొప్పి మందు కాదు. మాట, చూపు, చేయి సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో కనిపెట్టడానికి రోగి మెలకువగా, నెమ్మదిగా ఉండాలి, అందుకోసం.

బాక్స్: తేదీ ఇచ్చారా?

మీ ఇంట్లో ఎవరికైనా ఆపరేషన్ తేదీ ఖాయమైతే, అడ్మిట్ అయ్యే ముందే సిస్టమ్ సంగతి చూసుకోండి. ఫోమ్ రింగు వేలితో తాకి చూడండి, రాలితే మార్పించండి. బాక్సులు చెవి ఎత్తుకు తేండి, తీగల రంగులు సరిచూడండి, రిమోట్ ఉంటే సెల్స్ మార్చండి. బాస్ సగానికి తగ్గించండి, కడుపు కోసినవాళ్లకు ఆ అదురు పడదు. ఏం వినాలో రోగినే అడగండి. ఆపమంటే ఆపేయండి. మాత్రలు మాత్రం డాక్టర్ రాసిన వేళకే వేయండి.