సైకిలు ఎక్కితే ఒరుపు ఎందుకు?

ఆలూరు ఎండలో, చాన్నాళ్ల తరవాత సైకిలు తొక్కితే తొడలు ఒరుసుకుంటాయి. కూర్చునేచోట నొప్పి పుడుతుంది. ఆ మాట చెప్పుకోలేక కొందరు సైకిలు మూల పెడతారు.

1992లో తమిళనాడులోని పుదుక్కోట జిల్లాలో చదువుల ఉద్యమంతోపాటు వేలాది ఆడవాళ్లు సైకిలు నేర్చుకున్నారు. ఎవరి కోసమూ కాచుకోకుండా పనులకు పోయారు. నొప్పికి జడిసి మనమెందుకు మానాలి?

ఒంటి బరువు, చెమట, రాపిడి. ఒరుపుకు ముఖ్య కారణాలు ఈ మూడే.

కిందికొచ్చిన పెడలు మీద మడమ ఆనిస్తే కాలు చాపుకోవాలి. అదే సరైన సీటు ఎత్తు. మరీ ఎత్తయితే నడుము ఊగి చర్మం ఒరుసుకుంటుంది. సీటు ముక్కు పైకి లేవకూడదు. చీర ముద్దగా కింద పడకుండా సర్దుకోండి. పొడి లోబట్టలు మేలు. గుంటలొస్తే కొంచెం పైకి లేవండి. మొదట కొద్దిదూరమే పోండి. ఇంటికి రాగానే కడుక్కుని ఆరనివ్వండి.

పుండయితే మానేదాకా తొక్కొద్దు. చీము పట్టినా, జ్వరమొచ్చినా ఆస్పత్రికి పోండి. నొప్పి చెప్పుకోడానికి సిగ్గెందుకు?